కొత్తగా అంగన్‌వాడీలో చేరిన అమ్మాయికి

అమ్మాయీ,

నీకు సెంటర్ అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. మన ఉద్యోగంలో బదిలీలు తక్కువ. చేరిన ఊళ్లోనే వయసు మళ్లుతుంది. ఇవాళ నీ చేత ముక్కు తుడిపించుకునే పిల్ల రేపు తన బిడ్డను చంకనేసుకుని నీ దగ్గరికే వస్తుంది. తనను నువ్వెలా చూశావో ఆమెకు గుర్తుంటుంది. ఇన్నేళ్లు ఒకే ఊళ్లో పిల్లల మధ్య గడపబోతున్నావు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెబుతాను. పొద్దున పిల్లలు వచ్చినప్పటి నుంచి మధ్యాహ్నం భోజనం దాకా ఉన్న సమయం వాళ్లది. దాన్ని కాపాడుకో. రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు, సరుకుల లెక్కలు, ఫోన్లు అన్నీ సరిగ్గా ఆ వేళకే మీద పడతాయి. హాజరు వేసి ఫోన్ పక్కన పెట్టెయ్. మిగతావి పిల్లలు పడుకున్నాక చూసుకో. లెక్క ఒక పూట ఆలస్యమైతే పైనుంచి అడుగుతారు, జవాబు చెప్పుకోవచ్చు. పిల్లలను ఆడించకుండా గడిచిన రోజు గురించి మాత్రం ఎవరూ అడగరు. అందుకే ముందు పోయేది అదే.

ఆ సమయంలో ఏం చేయించాలని అడిగావు. మూడేళ్లవాడి చేతికి పలకా బలపం ఇచ్చి అక్షరాలు దిద్దించకు. వాడి వేళ్లకు ఇంకా ఆ బలం రాలేదు. గుప్పెడు చింతపిక్కలు, గుప్పెడు గచ్చకాయలు కలిపి చాప మీద పోసి, వేరు చేయమను. మొదట్లో పిడికిలితో అందినంత గుంజుకుంటాడు. కొన్నాళ్లకు బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కో గింజా తీస్తాడు. రేపు పెన్సిల్ పట్టేది ఆ రెండు వేళ్లే. రెండు కుప్పలూ అయ్యాక ‘ఏది ఎక్కువ ఉందిరా?’ అని అడుగు. వాడికి లెక్కలు మొదలైనట్టే. ఒక్క జాగ్రత్త. మూడేళ్లలోపు పిల్లలు పక్కనుంటే గింజలు బయటికి తీయకు, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. ఆట అయిపోగానే పిల్లల చేతే డబ్బాలో వేయించి, చాప కింద కూడా చూసుకో.

ఊళ్లోకి ప్రైవేటు స్కూలు వ్యాను వస్తోంది కదా, ‘మావాడికి ఏబీసీడీలు ఇంకా రాలేదేంటి టీచర్?’ అని తప్పకుండా అడుగుతారు. కోపం తెచ్చుకోకు, వాళ్లది బిడ్డ మీద ఆశ. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే దశగా తీసుకుని, ఆటపాటలతోనే నేర్పమంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని కూడా అందులో ఉంది. ఈ సంగతి చెప్పు. అయితే తల్లికి నమ్మకం కలిగేది కళ్లారా చూసినప్పుడే. నెలకోసారి తల్లులను పిలిచి చాప మీద పిల్లల పక్కనే కూర్చోబెట్టు. ఇంట్లో నోరు విప్పని పిల్ల నలుగురి ముందు కథంతా చెప్పి, ‘తర్వాత ఏమైందో తెలుసా?’ అని ఎదురు ప్రశ్న వేస్తే ఆ తల్లి మళ్లీ ఏబీసీడీల మాట ఎత్తదు.

చేరిన మొదటి వారం ఏడ్చే పిల్లల గురించి టెన్షన్ పడకు. తల్లిని మాత్రం దొంగచాటుగా వెళ్లిపొమ్మనకు. అలా ఒక్కసారి జరిగితే ఆ పిల్ల మరునాడు గుమ్మం కూడా ఎక్కదు. ‘అన్నం తిన్నాక వస్తాను’ అని తల్లి చెప్పి వెళ్లాలి, చెప్పిన వేళకు రావాలి. నానమ్మో అమ్మమ్మో నాలుగు రోజులు లోపల కూర్చుంటానంటే కూర్చోనివ్వు. ఆమెకు పాత పాటలు, పొడుపుకథలు వస్తే నీకూ లాభమే.

తండా పిల్లలు, కోయ పిల్లలు నీ దగ్గరికి వస్తే వాళ్ల ఇంటి మాటలు నువ్వే ముందు నేర్చుకో. అమ్మను ‘యాడీ’ అని పిలిచే తండా పిల్లను అలా అనకూడదని సరిదిద్దావంటే ఇక నోరు మూసుకుంటుంది. వాళ్ల మాటలో ఆటలాడించు, తెలుగు పక్క పిల్లల దగ్గర దానంతటదే వస్తుంది.

రాని పిల్లల కోసం నువ్వే వెళ్లాలి. మన అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. దానికి ముప్పై ఏళ్ల ముందే, 1945లో, తారాబాయి మోదక్ మహారాష్ట్రలోని బోర్డీ పల్లెలో బాలవాడి, అంటే చిన్నపిల్లల బడి, పెట్టారు. తోడుగా అనుతాయి వాఘ్ వెళ్లారు. బీద ఇళ్ల పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకెళ్లారు. తర్వాత కోస్‌బాడ్‌లో వార్లీ గిరిజన పిల్లల మధ్య ఆ పని సాగించారు. అనుతాయి చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. 1992లో కన్నుమూసేదాకా పిల్లల పనిలోనే ఉన్నారు. వాళ్లిద్దరి గురించి వీలైనంత తెలుసుకో. నాలుగు రోజులుగా రాని పిల్ల ఇంటికి ఎండలో నడవాల్సి వచ్చినప్పుడు నాకు వాళ్లే గుర్తొచ్చేవారు.

ఇక తూకం. ముల్లు సున్నా మీద ఉందో లేదో చూశాకే పిల్లను ఎక్కించు. కిందటి నెల అంకె చూసి ఈ నెలది అంచనాగా ఎప్పుడూ రాయకు. బరువు పెరగకుండా ఎదుగుదల చార్టులో గీత అడ్డంగా పడుకుందంటే, పిల్ల చలాకీగా కనిపించినా సరే, ఆ ఇంటికి వెళ్లాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే, లేదా రెండు పాదాలూ ఉబ్బి బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటే, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) పంపించు. తల్లితో ఒంటరిగా మాట్లాడు. అత్తగారి ముందు ‘నీ బిడ్డ ఎదగడం లేదు’ అన్నావంటే ఆ ఇంట్లో ఆమెను బతకనివ్వరు, నీ దగ్గరికి పిల్లనూ పంపరు.

ఆయాను పేరు పెట్టి ఏమే, ఒసే అనకు. నీకన్నా పెద్దదైతే అక్కా అనో పిన్నీ అనో పిలువు. ఏ ఇంట్లో ఎవరు పస్తులుంటున్నారో, ఎవరి మొగుడు తాగొచ్చి కొడుతున్నాడో ఆమెకు ముందు తెలుస్తుంది. పిల్లలు కూడా సగం మంది ఆమెనే అంటిపెట్టుకుంటారు.

నీ ఒంటి సంగతి. రోజంతా కింద కూర్చుని లేస్తూ ఉంటే మోకాళ్లు అరుగుతాయి. పనులన్నీ చాప మీదే పెట్టుకోకు. పిల్లలతో నిలబడి ఆడే ఆటలు, వాకిట్లో నడిచే ఆటలు కలుపుకో. అరిచి చెప్పే అలవాటు వద్దు, గొంతు పోతుంది. నువ్వు మెల్లగా మాట్లాడితే పిల్లలు వినడానికి దగ్గరికి జరుగుతారు.

మనకిచ్చేదాన్ని గౌరవ వేతనం అంటారు, అదీ ఒక్కో నెల వేళకు రాదు. అప్పు చేసి సెంటర్‌కు సరుకులు తెచ్చే పద్ధతి నెత్తికెత్తుకోకు. ఎంత బాకీ ఉందో రాతపూర్వకంగా అడుగు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ టీచర్లకూ, ఆయాలకూ సర్వీసు ముగిశాక ఇచ్చే సొమ్ముకు, అంటే గ్రాట్యుటీకి, సంబంధించిన అప్పటి 1972 చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. రేపు నీ సర్వీసు లెక్క తేలాలంటే కాగితాలు కావాలి. నియామక ఉత్తర్వు, చేరిన తేదీ ఉన్న కాగితం, ట్రైనింగ్ సర్టిఫికెట్లు, ఇచ్చిన ప్రతి అర్జీ మీద ఆఫీసు ముద్ర వేయించుకున్న నకలు, అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇంట్లోనే ఉంచు, సెంటర్ బీరువాలో కాదు. ఆయా కాగితాలు కూడా జిరాక్స్ తీయించి ఆమె చేతికివ్వు, ఆమెకు ఇవన్నీ చెప్పేవాళ్లు ఉండరు.

ప్రేమతో,
మీ పెద్ద టీచరమ్మ