మాస్టారి గురించి రాసేటప్పుడు

తమ్ముడికి,

పోయిన మాస్టారి మీద నువ్వు రాసిన సంస్మరణ వ్యాసం చిత్తుప్రతి చదివాను. మొదటి పేరాలోనే నిరాడంబరుడు, క్రమశిక్షణకు మారుపేరు, ఆదర్శ గృహస్థు, తీరని లోటు నాలుగూ వచ్చేశాయి. పేరు మారిస్తే ఇదే వ్యాసం ఇంకో మాస్టారికీ సరిపోతుంది. ఆ నాలుగూ కొట్టేసి, ఒక్కోదాని చోట ఆయన చేసిన పని ఒకటి పెట్టు.

అందుకు మళ్లీ వెళ్లి అడగాలి. ‘ఆయన ఎలాంటివారండీ?’ అంటే ‘దేవుడండీ’ అంటారు, అక్కడితో కథ కంచికి. ‘పిల్లాడు లెక్క తప్పితే ఏం చేసేవారు?’, ‘బడి నుంచి రాగానే ముందు ఏ పని?’, ‘ఆయనకు కోపం వచ్చిందని ఇంట్లో ఎలా తెలిసేది?’ అని అడిగి చూడు. ఇంట్లో ఇద్దరు, తోటి ఉపాధ్యాయుడు ఒకరు, శిష్యులు ఇద్దరు చాలు. శిష్యుల్లో ఒకరు ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో చదివినవారు, రెండోవారు ఆఖరి బ్యాచ్ అయితే, మధ్యలో మనిషి ఎంత మారాడో తెలుస్తుంది.

ఆయన దిద్దిన పాత నోటుబుక్కు దొరికితే వదలకు. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారా, తప్పు కింద చిన్న గీత గీసి ఊరుకున్నారా? సరైన జవాబు తనే రాశారా, పిల్లాడి చేత మళ్లీ రాయించారా? మార్జిన్‌లో ఏమన్నా మాట ఉందా? ‘సహనశీలి’ అన్న మాట చేయలేని పని ఆ ఒక్క పేజీ చేస్తుంది.

ఇక అంకెలు. ‘వేలాది విద్యార్థులు’ అని రాశావు. లెక్కేద్దాం: ఏడాదికి 3 సెక్షన్లు, సెక్షన్‌కి 40 మంది, 30 ఏళ్లు అంటే 3,600. కానీ అదే పిల్లాడు మూడేళ్లు వరుసగా ఆయన దగ్గరే చదివితే అసలు మనుషులు 1,200 మందే. అదేం చిన్న సంఖ్య కాదు కదా! వయసు కూడా ఇలాగే పొరపాటవుతుంది. 1941 నవంబరులో పుట్టి 2024 మార్చిలో పోయినవారికి 82 ఏళ్లు, 83 కాదు. ఉద్యోగ రికార్డులో పుట్టినతేదీ, ఇంట్లో చెప్పే తేదీ వేరైతే ఏది వాడాలో ఇంటివాళ్లనే అడుగు. పదవీ విరమణ మాత్రం రికార్డు ప్రకారమే జరిగి ఉంటుంది.

కుటుంబం భాగం చప్పగా ఉంది. పిల్లల డిగ్రీలు, ఉద్యోగాలు ఆయన కథ కాదు, తీసెయ్. భార్య జబ్బుపడ్డప్పుడు మందుల వేళలు ఎవరు చూశారు? ఊరంతటి పిల్లల్నీ చదివించిన మనిషి సొంత పిల్లల చదువు ఎప్పుడు పట్టించుకున్నారు? ‘తీరిక ఉండేది కాదు’ అని కూతురే అంటే, ఆమె ఒప్పుకుంటే, అదీ రాయి.

జబ్బు పేరు ఇంటివాళ్లు సరేనంటేనే. ఇంటి చిరునామా, సంస్మరణ సభ వేళ పక్కపక్కన వేయకు. ఆ సమయానికి ఇల్లు ఖాళీ అని దొంగకి చెప్పినట్టే. సభలో చదివేదైతే 400 మాటలు దాటనివ్వకు, నిదానంగా చదివితే నాలుగు నిమిషాలు పడుతుంది.

అచ్చుకిచ్చే ముందు పేర్లన్నీ ఇంట్లో ఒకరికి పైకి చదివి వినిపించు. ఇంటిపేరు, ఇనీషియల్, కోడళ్ల, అల్లుళ్ల పేర్లు, పోయిన బిడ్డ ఉంటే ఆ పేరు కూడా. ఎక్కువగా జారిపోయేది అదే.

ఆశీస్సులతో,
అన్నయ్య