సినిమా కన్నా ముందే శిఖరమెక్కిన పాట

ప్రశ్న: 'గ్రీజ్' చిత్రంలోని 'యూ ఆర్ ది వన్ దట్ ఐ వాంట్' అనే పాట, సినిమా థియేటర్లకు రాకముందే అమెరికాలో మొదటి స్థానానికి చేరిందని విన్నాను. కథ తెలియకుండానే జనం ఆ పాటను ఎందుకు కొన్నారు? ఆ స్థానాలను అప్పట్లో ఎలా లెక్కించేవారు? 
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు విన్నది నిజమే. 'బిల్‌బోర్డ్' అనే అమెరికా సంగీత పత్రిక వారం వారం ప్రకటించే పాటల జాబితాలో, 1978 జూన్ 10 నాటికి ఈ పాట ఒకటో స్థానంలో ఉంది. సినిమా అమెరికా అంతటా విడుదలైనది జూన్ 16న. ఆ మరునాటి తేదీతో వెలువడిన జాబితాలో ఆండీ గిబ్ పాడిన 'షాడో డ్యాన్సింగ్' దీన్ని పక్కకు నెట్టింది కనుక, జనం టికెట్లు కొనే సమయానికి పాట పై మెట్టు దిగిపోయింది కూడా. తమాషా ఏమిటంటే ఆ రెండు రికార్డులనూ విడుదల చేసింది ఆర్.ఎస్.ఓ. అనే ఒకే సంస్థ. బ్రిటన్‌లో కథ మరీ విచిత్రం: అక్కడ జూన్ 17 నుంచి వరుసగా 9 వారాలు ఈ పాటే అగ్రస్థానంలో నిలిచింది, సినిమా మాత్రం సెప్టెంబరులో గానీ రాలేదు.

సినిమాకు ముందే క్యాసెట్ కొని, పాటలన్నీ నోటికి వచ్చాక మొదటి ఆటకు వెళ్లిన మన తెలుగువారికి ఇందులో ఆశ్చర్యపడవలసింది తక్కువేనని నా అభిప్రాయం. పైగా కొన్నవారికి కథ తెలియకపోయినా, పాడిన ఇద్దరి గొంతులు తెలుసు. ఒలీవియా న్యూటన్-జాన్ 1974లోనూ 1975లోనూ అదే జాబితాలో ఒకటో స్థానం చూసిన గాయని. జాన్ ట్రవోల్టా 1977 డిసెంబరులో వచ్చిన 'సాటర్డే నైట్ ఫీవర్'తో ఊరూరా తెలిసిన నటుడు. పాట రాసిన జాన్ ఫారర్ ఒలీవియా రికార్డులకు చాలాకాలంగా నిర్మాతగా ఉన్నవాడు కాబట్టి, ఆమె గొంతు ఏ స్వరం దగ్గర వికసిస్తుందో ఆయనకు బాగా తెలుసు.

అసలు కారణం పాట లోపలే ఉంది. కథ జరిగేది 1950ల చివరి హైస్కూలులో, పాట వినిపించేది మాత్రం అచ్చంగా 1978 నాటి రేడియోలా. కాలానికి పొసగలేదని విమర్శించవచ్చు, నాకూ ఆ పంటి కింద రాయి తగులుతూనే ఉంటుంది. కానీ మూడు నిమిషాలైనా నిండని ఆ పాటలో బేస్ గిటార్ మొదలైన క్షణం నుంచే కాలు ఆడుతుంది. దాన్ని ఆస్వాదించడానికి కథ అక్కరలేదు. తెరపై చూస్తే వచ్చే అదనపు రుచి వేరు: అణకువ గల శాండీ (ఒలీవియా పాత్ర) నల్ల దుస్తుల్లో వచ్చి, సిగరెట్‌ను కింద పడేసి ఎర్ర చెప్పుతో నలిపేసే సరికి, అంతదాకా గొప్పలు పోయిన డానీ (ట్రవోల్టా పాత్ర) కుప్పకూలుతాడు.

ఇక లెక్క సంగతి. బిల్‌బోర్డ్ వారు రేడియో కేంద్రాలు ఏ పాటను ఎంతగా వేస్తున్నాయో, దుకాణాల్లో ఏవి బాగా పోతున్నాయో సమాచారం తెప్పించుకుని రెండింటినీ కలిపేవారు. దుకాణదారు చెప్పేది అమ్మిన రికార్డుల సంఖ్య కాదు, తన అంచనా ప్రకారం వాటి వరుస. బార్‌కోడ్ ద్వారా అసలు అమ్మకాలను లెక్కించే పద్ధతి ఈ జాబితాకు 1991 చివరలోనే వచ్చింది. బ్రిటన్ జాబితాలో రేడియోకు చోటు లేదు, ఎంపిక చేసిన దుకాణాల అమ్మకాలే ఆధారం.

ప్రశ్న: ఈ పాట మూల నాటకంలో ఉన్నదేనా? 
– మరొక పాఠకుడు, వరంగల్

జవాబు: లేదు. జిమ్ జేకబ్స్, వారెన్ కేసీ రాసిన నాటకం 1971లో షికాగోలో మొదలై, మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేకు చేరింది. అందులో ఈ సందర్భానికి 'ఆల్ చోక్డ్ అప్' అనే వేరే పాట ఉండేది, సినిమా కోసం దాన్ని తీసేసి ఫారర్ పాటను పెట్టారు. 1993లో లండన్‌లో నాటకాన్ని మళ్లీ ప్రదర్శించినప్పుడు, సినిమా పాటనే తిరిగి రంగస్థలం మీదికి తెచ్చుకున్నారు.