పాపని వదిలి పైలట్ ట్రైనింగ్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పైలట్ అవ్వాలని ఇంటర్ రోజుల నుంచీ కోరిక, అప్పుడు ఇంట్లో డబ్బు లేక ఊరుకున్నా. ఇప్పుడు మావారూ నేనూ కలిసి కొంత దాచాం. మిగతాది లోన్ తీసుకుని అమెరికాలో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేద్దామనుకుంటున్నా. మాకు మూడున్నరేళ్ల పాప. మావారు వెళ్లమనే అంటున్నారు. అత్తగారు పాపని చూసుకుంటానన్నారు కానీ "ఏడాదిలో వచ్చేస్తావుగా" అని రోజుకోసారి అడుగుతున్నారు. మా అమ్మయితే పసిపిల్లని వదిలి ఎలా వెళ్తావే అని ఏడుస్తోంది. మావారినీ పాపనీ నాతో తీసుకెళ్లే వీలుందా? లేక ఈ ఆలోచనే మానుకోవాలా?
– పేరు వద్దు, కూకట్‌పల్లి

జవాబు: మానుకోవద్దు. ఆ మాట ముందే చెప్పేసి మిగతావి మాట్లాడతాను. ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే పాప వయసు కన్నా మీ అత్తగారు అడుగుతున్న ఆ "ఏడాది" నన్ను ఎక్కువ భయపెట్టింది.

నేను ట్రైనింగ్‌కి అరిజోనా వెళ్లేటప్పటికి మా అమ్మాయికి నాలుగో ఏడు నడుస్తోంది. గుంటూరులో మా అత్తయ్య దగ్గర వదిలి వెళ్లాను. బయల్దేరేటప్పుడు "దసరాకి వచ్చేస్తా బంగారం" అని చెప్పాను, ఫ్లయింగ్ స్కూల్ వాళ్లు ఇచ్చిన ప్లాన్ ప్రకారం దసరాకి అయిపోవాలి కూడా. తీరా అక్కడ రెండు విమానాలు రిపేరుకి వెళ్లి వారాల తరబడి షెడ్డులోనే ఉన్నాయి, ఫైనల్ టెస్టుకి ఎగ్జామినర్ డేట్ దొరకలేదు, దొరికిన రోజు గాలి ఎక్కువై టెస్టు వాయిదా పడింది. సంక్రాంతి కూడా దాటాక ఇల్లు చేరాను. దసరా మర్నాడు ఫోన్ చేస్తే పాప ఏడవలేదు. "దసరా అయిపోయింది కదమ్మా" అంది, అంతే. తర్వాత రెండు వారాలు ఎవరెంత పిలిచినా ఫోన్ దగ్గరికే రాలేదు.

అందుకని మీకు ముందు చెప్పేది, ఎవరికీ తేదీ చెప్పకండి. ఇంట్లోవాళ్లు క్యాలెండర్ చూసుకుంటారు, అక్కడ లెక్కంతా ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్కుది. మన దేశంలో లైసెన్స్‌లిచ్చే విమానయాన సంస్థ డీజీసీఏ. దాని సీపీఎల్‌కి మొత్తం 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యతంతా మనదే అయి. అమెరికా కమర్షియల్ లైసెన్స్ కూడా అక్కడి రూల్స్‌లో పార్ట్ 61 అనే పద్ధతిలో తీసుకుంటే 250 గంటలు. వారానికి ఆరు గంటలు ఎగిరితే 200 గంటలకి 33 వారాలు, నాలుగే కుదిరితే 50 వారాలు. ఆ ఆరుకీ నాలుగుకీ తేడా మన చేతిలో ఉండేది కొంచెమే, మిగతాదంతా వాన, గాలి, ఎండ, మెకానిక్ చేతుల్లో ఉంటుంది. తిరిగి వచ్చాక లైసెన్స్ ఇక్కడికి మార్చుకోవాలి, తర్వాత టైప్ రేటింగ్ (ఒక ఫలానా రకం పెద్ద విమానం నడపడానికి విడిగా తీసుకునే అర్హత), ఆపైన ఉద్యోగం కోసం ఎదురుచూపులు. మొత్తం రెండు, రెండున్నరేళ్లని అత్తగారిని కూర్చోబెట్టి ఇప్పుడే చెప్పండి. ఆవిడ వయసుకి, ఆరోగ్యానికి అది కుదురుతుందో లేదో ఆవిడే చెప్పాలి, మీరు ఊహించుకోకూడదు.

అయితే ఆ రెండున్నరేళ్లూ మీరు పాపకి దూరంగా ఉండనక్కర్లేదు. ఇక్కడ పూర్తిచేయగలిగినవన్నీ ఇక్కడే పూర్తిచేసి వెళ్లండి. ముందు మెడికల్, అంటే పైలట్లకి చేసే ఆరోగ్య పరీక్షలు: క్లాస్ టూ, దాని తర్వాత కమర్షియల్ లైసెన్స్‌కి కావాల్సిన క్లాస్ వన్. క్లాస్ వన్ చేతికి వచ్చేదాకా స్కూల్‌కి ఒక్క రూపాయి కట్టకండి, ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. తర్వాత డీజీసీఏ పేపర్లు. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్, అన్నిటికీ 70 శాతం రావాలి. ఉద్యోగం చేసుకుంటూ, పాప లేవకముందు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదవడం కష్టమే, కానీ చాలామంది చదువుతున్నారు, మీరూ చదవగలరు. పేపర్లు మిగుల్చుకుని వెళ్తే ఏమవుతుందో కూడా చెప్తాను. లైసెన్స్‌కి అప్లై చేసే తేదీకి ముందు ఆరు నెలల్లో కనీసం 15 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా ఎగిరి ఉండాలని రూలుంది. ఇంటికొచ్చి, కొన్నాళ్లు పాపతో గడిపి, తీరిగ్గా పరీక్షలు రాద్దామనుకుంటే ఆ ఆరు నెలలు ఇట్టే అయిపోతాయి, మళ్లీ డబ్బు కట్టి, మళ్లీ ఇల్లు వదిలి ఎగరాలి. పేపర్లు ముందే పాసైతే రాగానే కాగితాలు పెట్టేసి పాపతో ఉండొచ్చు.

కుటుంబాన్ని తీసుకెళ్లే సంగతి. ఫ్లయింగ్ ట్రైనింగ్‌కి సాధారణంగా ఇచ్చేది ఎం–1 వీసా, దాని మీద భర్తా పిల్లలూ ఎం–2 మీద రావచ్చు. కానీ మీవారు అక్కడ ఉద్యోగం చేయకూడదు. అంటే ఇక్కడి జీతం పోయి అక్కడి ఖర్చు మూడింతలవుతుంది. మీరేమో తెల్లవారకముందే ఫీల్డ్‌కి వెళ్లి, మధ్యాహ్నం గ్రౌండ్ క్లాసు చూసుకుని, సాయంత్రం ఒళ్లు తెలియకుండా పడిపోతుంటే, కొత్త ఊళ్లో కారు కూడా లేకుండా ఆయన పాపతో నాలుగు గోడల మధ్య ఉంటారు. నాకైతే అది నచ్చదు. మధ్యలో, మొదటి లైసెన్స్ టెస్టు అయ్యాక ఒక నెల వాళ్లు వచ్చి వెళ్లేలా చూసుకోండి.

దేశం ఎంచుకునేటప్పుడు ఫీజుతో పాటు గడియారం కూడా చూడండి, దీని గురించి ఎవరూ చెప్పరు. అరిజోనా మనకి పన్నెండున్నర గంటలు వెనక. దక్షిణాఫ్రికా మూడున్నర గంటలే వెనక, అక్కడ సాయంత్రం అయిదైతే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, పిల్ల పడుకునే వేళ. నాకు అరిజోనాలో కుదిరిన వేళ వేరు. అక్కడ వేసవిలో పదింటికే ఎండ మండిపోతుంది, వేడి గాలిలో చిన్న విమానం సరిగ్గా పైకి లేవదు, అందుకే వెలుగు రాకముందే రెడీ అవుతాం. ఉదయం అయిదున్నరకి నేను విమానం చెక్ చేస్తుంటే గుంటూరులో సాయంత్రం ఆరు, మా అత్తయ్య దీపం పెట్టే వేళ. రెక్క కింద నుంచి గొట్టంలోకి కాస్త పెట్రోలు తీసి, ఆకాశానికి ఎత్తి పట్టుకుని చూడాలి, నీళ్లుంటే అడుగున బుడగలా కనిపిస్తాయి. ఆ పెట్రోలు లేత నీలంగా ఉంటుంది. ఒకరోజు అది వీడియో కాల్‌లో చూసి పాప "అమ్మా, నీలం నీళ్లు చూపించు" అంది. ఇక రోజూ అదే. ఫోన్ ఒక పక్కన నిలబెట్టి గొట్టం ఎత్తి చూపిస్తే, "నీళ్లు లేవు, వెళ్లు" అని తనే పర్మిషన్ ఇచ్చేది. రెండు నిమిషాలే. దసరా గొడవ తర్వాత పాపని మళ్లీ ఫోన్ దగ్గరికి తెచ్చింది కూడా ఆ నీలం నీళ్లే. మూడున్నరేళ్ల పిల్లకి అరగంట కాల్ అక్కర్లేదు, రోజూ ఒకే వేళకి ఒకే పని కావాలి.

ఇంకో ఒప్పందం కూడా చేసుకోండి. పాపకి మూడు రోజులు జ్వరం వస్తే నేను కంగారు పడతానని మా ఇంట్లో దాచారు. తగ్గాక తెలిసింది, ఆ తర్వాత వాళ్లు "బాగుంది" అన్న ప్రతిసారీ నాకు అనుమానమే, గాల్లో కూడా అదే టెన్షన్. చివరికి ఒక మాట అనుకున్నాం: ఏదీ దాచకూడదు, కానీ నేను దిగి మెసేజ్ పెట్టాకే చెప్పాలి. అత్యవసరమైతే మాత్రం ఫ్లయిట్‌కి ముందే చెప్పాలి, ఆ రోజు నేను ఎగరను. బయల్దేరే ముందు పైలట్ తన గురించి ఆరు విషయాలు చూసుకోవాలని అక్కడ మొదట్లోనే నేర్పిస్తారు: జబ్బు, మందులు, ఒత్తిడి, మద్యం, అలసట, మనసు. ఇంటి మీద బెంగతో మనసు కుదురుగా లేని రోజు "ఈ రోజు ఎగరను" అంటే మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు.

అమ్మగారి ఏడుపుకి నా దగ్గర మందు లేదు. మా అమ్మా ఏడ్చింది. మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం మంది ఆడవాళ్లే, చాలా దేశాల కన్నా ఇది ఎక్కువ. వాళ్లలో అమ్మలూ ఉన్నారని ఆవిడకి చెప్పి చూడండి.

ప్రశ్న: మా తమ్ముడు ట్రైనింగ్‌కి అమెరికా వెళ్తున్నాడు. ఖర్చులకి అక్కడ పార్ట్‌టైమ్ చేసుకుంటానంటున్నాడు. కుదురుతుందా?
– ఒక అక్క, రాజమండ్రి

జవాబు: కుదరదు. ఎం–1 మీద ట్రైనింగ్ జరుగుతుండగా ఉద్యోగం చేయకూడదు, దొరికితే వీసా పోతుంది. ఆ డబ్బు లెక్కలో వేసుకోకుండా, అనుకున్నదానికన్నా నాలుగు నెలల ఖర్చు ఎక్కువే పట్టుకుని వెళ్లమనండి. సరిపోకపోతే ఈ ఏడాది ఆగడమే మంచిది.

ప్రశ్న: మా అబ్బాయికి 22. దక్షిణాఫ్రికాలో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. ఇల్లు బ్యాంకులో పెట్టి పంపించాం. మొదట్లో రోజూ మాట్లాడేవాడు, ఇప్పుడు "బాగానే ఉందమ్మా" అని పెట్టేస్తున్నాడు. వాళ్ల నాన్న రోజూ ఎన్ని గంటలయ్యాయని అడుగుతారు. ఏదో దాస్తున్నాడని భయంగా ఉంది.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, దాస్తున్నాడేమో, కానీ అది మీరు భయపడుతున్నంత పెద్దది కాకపోవచ్చు. ఒక టెస్టు మళ్లీ రాయాల్సి వచ్చి ఉంటుంది, లేదా వానలకి వారం రోజులు ఎగరలేదేమో. జొహానెస్‌బర్గ్ వైపు డిసెంబరు, జనవరి నెలల్లో మధ్యాహ్నమయ్యేసరికి ఉరుములు, మెరుపులు మామూలే. అలాంటి వారం చివర నాన్న ఫోన్ చేసి ఎన్ని గంటలయ్యాయంటే, వాడికి వినబడేది ఇల్లు ఎప్పుడు విడిపిస్తావురా అన్న మాట. వాళ్ల నాన్నగారిని ఓ నెల పాటు ఆ ప్రశ్న ఆపమనండి. టెస్టు తప్పినా, నెల ఆలస్యమైనా తిట్టనని ఆయన నోటితోనే ఒకసారి చెప్పించండి. అయినా నిద్ర పట్టట్లేదనో, తినబుద్ధి కావట్లేదనో అంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లమనండి.

ఈసారి మీరు ఫోన్ చేసినప్పుడు "ఈ రోజు గాలి ఎటు వీచిందిరా, రన్‌వే ఏ వైపుది వాడారు?" అని అడగండి. మీకు అర్థం కాకపోయినా సరే, చెప్పనివ్వండి.