మంచుగోళం అంచు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ బయాప్సీ, ఎమ్మారై రిపోర్టులు రెండుసార్లు చదివాను. ప్రోస్టేట్ గ్రంథిలో కుడివైపు ఒకే క్యాన్సర్ మచ్చ ఉందనీ, దాని తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు 3+4 అనీ రాశారు కాబట్టి, గ్రంథి మొత్తం తీయించుకోకుండా ఆ మచ్చ మేరకే చలితో గడ్డకట్టించే, నేనూ చేయించుకున్న ఫోకల్ క్రయోథెరపీ గురించి నువ్వు ఆలోచించడం సబబే. స్కోరు 3+3 అయివుంటే వద్దనే చెప్పేవాణ్ణి. అలాంటివాటిని చాలావరకు చికిత్స లేకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటమే మేలు.

ముందుగా తొందర మానుకో. బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనంలో పర్యవేక్షణ, ఆపరేషన్, రేడియేషన్‌లలో ఏ దారిన వెళ్లినవారిలోనైనా 15 ఏళ్లలో ఈ క్యాన్సర్‌తో మరణించినవారు సుమారు 3 శాతమే. కనుక ఆపరేషన్ చేసేవారినీ, రేడియేషన్ ఇచ్చేవారినీ కూడా కలిసి మాట్లాడే వ్యవధి నీకుంది. బయాప్సీలో ముక్కలు మచ్చ నుంచే తీశారా, గ్రంథి రెండువైపులా తీశారా అని కూడా అడుగు. ఈ జబ్బు ఒకే గ్రంథిలో పలుచోట్ల పుట్టగలదు, చిన్నవి ఎమ్మారైకి అందకపోవచ్చు.

ఇక చికిత్స సంగతి. మత్తు ఇచ్చి, వృషణాలకూ మలద్వారానికీ మధ్యనున్న చర్మం గుండా సన్నని సూదులను అల్ట్రాసౌండ్ చూపే దారిలో దింపుతారు. సూది మొన దగ్గర ఆర్గాన్ వాయువు ఒక్కసారిగా వ్యాకోచించడంతో చుట్టూ మంచు కడుతుంది. దాన్ని కరగనిచ్చి, మళ్లీ ఒకసారి గడ్డకట్టిస్తారు. మూత్రనాళం దెబ్బతినకుండా గోరువెచ్చని ద్రవం పారే గొట్టం అమరుస్తారు. తెరమీద కనబడే మంచుగోళం అంచునే నమ్ముకుంటే పొరపాటే, ఎందుకంటే అక్కడి ఉష్ణోగ్రత 0 డిగ్రీల దగ్గరే ఉంటుంది; కణాలు నమ్మకంగా చనిపోవాలంటే మైనస్ 40 దాకా చల్లబడాలి. పైగా అల్ట్రాసౌండ్‌కు మంచు దగ్గరి అంచే కనబడుతుంది, వెనుకభాగం నీడలో పడిపోతుంది. ఎమ్మారై సాయంతో చేస్తే చుట్టూ తెలుస్తుంది. అంచు దగ్గర చలి చాలదు కాబట్టే మంచును మచ్చ దాటించి కొన్ని మిల్లీమీటర్లు పాకించవలసి వస్తుంది. ఆ కొన్ని మిల్లీమీటర్లలో పురీషనాళం గోడ గాని, అంగస్తంభన నరాలు గాని, మూత్రాన్ని పట్టి ఉంచే కండరం గాని పడతాయా అన్నదే నువ్వు వైద్యుణ్ణి అడగవలసిన అసలు ప్రశ్న. జవాబు మాటల్లో కాక నీ ఎమ్మారై బొమ్మ మీద చూపించమను.

తరువాత కొన్నాళ్లు మూత్రం బయటికి పోయే గొట్టం, అంటే క్యాథెటర్ ఉంటుంది. నేను విసుగుపడి తొందరగా తీయించుకుంటే ఆ రాత్రికే మూత్రం బిగిసిపోయి మళ్లీ వేయించుకోవలసి వచ్చింది. స్తంభన కుదుటపడటానికి నెలలు పట్టింది. కొందరికి పూర్తిగా తిరిగిరాదు. ఈ సంగతి మరదలితో ముందే మాట్లాడు, మొహమాటపడకు.

రక్తపరీక్షలో కొలిచే ప్రోస్టేట్ ప్రోటీన్ పి.ఎస్.ఏ. సున్నాకు దిగలేదని బెంగపడవద్దు. మిగిలిన గ్రంథి దాన్ని తయారు చేస్తూనే ఉంటుంది కాబట్టి, అంకె ఎంతన్నదాని కంటే పెరుగుతోందా అన్నదే చూడాలి. అది నిలకడగా ఉన్నా, ఏడాది తరువాత ఎమ్మారైతోపాటు బయాప్సీ చేయించుకోవలసిందే. పి.ఎస్.ఏ. బాగుందని నేను దాన్ని ఎగ్గొట్టబోతే మీ వదిన ఊరుకోలేదు. గడ్డకట్టించిన చోట ఏమీ లేదు గాని, రెండోవైపు 3+3 చిన్నది దొరికింది. ఆరేళ్లుగా దాన్ని కనిపెట్టుకునే ఉన్నాను. ఇలా ఏటేటా పరీక్షలకు వెళ్లే ఓపిక నీకు లేదనుకుంటే ఈ చికిత్స జోలికి పోకు. ఉందనుకుంటే, సూదులు వేసే తేదీతోపాటే బయాప్సీ నెల కూడా రాయించుకుని రా.

ఇట్లు,
మీ అన్నయ్య