డీప్ స్ప్రింగ్స్: ఫీజు లేదు, పని తప్పదు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. కాలిఫోర్నియాలోని డీప్ స్ప్రింగ్స్ కాలేజీలో చదువు ఉచితమంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మొచ్చండీ. 1917లో ఎల్.ఎల్. నన్ స్థాపించిన ఈ రెండేళ్ల కాలేజీలో ట్యూషన్, బస, భోజనం ఉచితం. విమానం టికెట్లు, ఆరోగ్య బీమా, పుస్తకాల ఖర్చు మాత్రం మీదే. ముందే లెక్క వేసుకోండి.

ఎడారి లోయలో పశువులు, గడ్డి పొలాల మధ్య ఉంటుంది. విద్యార్థులు ముప్పైమందికి మించరు. వారానికి కనీసం 20 గంటలు పనిచేయాలి: పాలు పితకడం, అల్ఫాల్ఫా గడ్డికి నీళ్లు పెట్టడం, వంట, అంట్లు. పరీక్ష ఉందని పాలు పితకడం మానేస్తే కుదరదు, ఆవుకు పొదుగు వాస్తుంది. ఎవరికి ఏ పనో విద్యార్థులు ఎన్నుకున్న లేబర్ కమిషనర్ నిర్ణయిస్తారు. పొలం, మందల పని నేర్పే సిబ్బంది కూడా, నా దృష్టిలో, ప్రొఫెసర్లతో సమానమైన గురువులే.

ఇంజినీరింగే లక్ష్యమైతే ఇది వద్దు. ఇక్కడ రెండేళ్లు చదివాక చాలామంది నాలుగేళ్ల కాలేజీలకు మారతారు.

ప్రవేశానికి వ్యాసాలే కీలకం. కన్సల్టెన్సీతో రాయించకండి. వాటిని చదివేది, ఇంటర్వ్యూలో గుచ్చి గుచ్చి అడిగేది ఎక్కువగా అక్కడి విద్యార్థుల కమిటీయే.