కోలలు, మద్దెల, నల్లసముద్రం

ప్రశ్న: అమ్మగారూ, నమస్కారం. మాది అనకాపల్లి దగ్గర పల్లె. పద్నాలుగు మంది ఆడవాళ్ళం ఆరేళ్ళుగా కోలాటం వేస్తున్నాం. యూరప్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో అంతర్జాతీయ జానపద నృత్యోత్సవానికి రమ్మని కబురొచ్చింది. కబురు తెచ్చినాయన మనిషికి ఇంత అని రుసుం అడుగుతున్నాడు. పైగా ‘పాడే గురువుని, మద్దెల ఆయన్ని తీసుకెళ్తే దండగ ఖర్చు. పెన్‌డ్రైవ్‌లో సినిమా పాట పెట్టుకోండి, తెల్లవాళ్ళకి అదే నచ్చుతుంది’ అంటున్నాడు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి జిల్లా

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. జానపద ఉత్సవాల కోసం సీఐఓఎఫ్ఎఫ్ అనే అంతర్జాతీయ సంస్థ ఉంది. 1970లో ఫ్రాన్స్‌లోని కాన్‌ఫొలాన్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. దాని బాటలో నడిచే ఉత్సవాల్లో మామూలుగా రానూపోనూ ఛార్జీలు బృందం పెట్టుకుంటుంది, దిగిన తరవాత బస, భోజనం పిలిచినవాళ్ళు చూసుకుంటారు. కాబట్టి మధ్యలో మనిషి చేతికి రూపాయి కూడా ఇవ్వకండి. ఉత్సవం జరిపేవాళ్ళకు మీరే నేరుగా రాయండి. ఆహ్వానం నిజమా కాదా, రుసుం ఎందుకు, ఎవరికి కట్టాలి అన్నీ వాళ్ళ నోటితోనే చెప్పించుకోండి. మీ కాగితాలు వీసా ఆఫీసుకు చేరాలన్నా వాళ్ళిచ్చే ఆహ్వాన ఉత్తరం కావాలి.

ఇక పెన్‌డ్రైవ్ మాట. అది వినగానే నాకు ప్రాణం చివుక్కుమంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మా అమ్మాయి బల్గేరియాలో, వర్నాలో వైద్యం చదువుతున్న రోజుల్లో ఒక ఆగస్టు నెల దాని దగ్గర ఉన్నాను. అక్కడికి దక్షిణంగా నూట ముప్పై కిలోమీటర్ల దూరంలో బర్గాస్ ఉంది. అదీ నల్లసముద్రం ఒడ్డునే. 1965లో మొదలైన అంతర్జాతీయ జానపదోత్సవం ఆ ఊళ్ళో ఆగస్టులో జరుగుతుంది. బొగొరిది అని బండ్లు తిరగని వీధి ఒకటుంది, అది తిన్నగా సముద్రం పక్క తోటలోకి తీసుకెళ్తుంది. ఆ తోటను ‘మోర్‌స్కా గ్రదీనా’ అంటారు. సాయంత్రం బృందాలన్నీ ఊరేగింపుగా నడిచాయి. ఒక్కో బృందం ముందూ దాని వాద్యాలే. మేకతోలు సంచిలో గాలి నింపి ఊదే గైదా, రెండు వైపులా రెండు రకాల పుల్లలతో కొట్టే తుపాన్ అనే పెద్ద డోలు. నేను ఆట చూడటం మానేసి ఆ డోలు ఆయన వెనకే నడిచాను. మా అమ్మాయి నా చీర కొంగు పట్టుకుని, ‘అమ్మా, తప్పిపోతావ్’ అని ఒకటే గోల.

రాత్రి తోటలోని వేసవి రంగస్థలం మీద ‘రచెనిత్సా’ అనే వాళ్ళ జానపద నృత్యం ఆడారు. చూస్తుంటే నా చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వెయ్యబోయి తప్పింది. మళ్ళీ వేశాను, మళ్ళీ తప్పింది. మూడోసారికి తెలిసింది. అది ఏడు అక్షరాల తాళం, మన మిశ్రచాపు లెక్కే. కాకపోతే మనం ‘తకిట తకధిమి’ అని మూడు ముందు వేసి నాలుగు తరవాత వేస్తాం. వాళ్ళు ‘తక తక తకిట’ అని రెండ్లు ముందు వేసి మూడు చివర పెడతారు. ఆ చివరి మూడు దగ్గరే పాదం కాస్త సాగుతుంది, ఒళ్ళు కాస్త ఊగుతుంది. ‘పైదుష్కో’ అనే ఇంకో ఆటకైతే అయిదు, ‘తక తకిట’. ‘దైచొవో’ అనే ఆటకు తొమ్మిది. పల్లెటూరి ముసలమ్మలు ఆ తొమ్మిదిని వేళ్ళు మడవకుండా, ఎక్కడా తడుముకోకుండా వేస్తున్నారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు కోలాటం నేర్పిన నేను తొమ్మిది అక్షరాల్లో ఒక్క కోపు, అంటే కోలాటంలో ఒక అడుగుల వరుస, కూడా కట్టలేదు. ఇంటికొచ్చాక కట్టాను.

ఆ లెక్క నాకు దొరికింది డోలు కొట్టేవాడు కళ్ళెదుట ఉండబట్టి. ఆడేవాళ్ళు అలిసినప్పుడు అతను కాస్త తగ్గాడు, ఊపు మీద ఉన్నప్పుడు ఎగదోశాడు. మీ గురువుగారు చేసేదీ అదే కదా? కోపు మార్చే ముందు ఆయన గొంతు పెంచితేనే కదా మీ పద్నాలుగు మంది ఒక్కసారిగా తిరుగుతారు? పెన్‌డ్రైవ్ మీ కాళ్ళను చూడలేదు. ఒకరి కోల జారితే అది ఆగదు. ఇలాంటి ఉత్సవాల్లో చాలావాటికి వాద్యాలు వేదిక మీదే మోగాలన్న షరతు కూడా ఉంటుంది, అడిగి కనుక్కోండి. డబ్బు చాలకపోతే పద్నాలుగు మంది బదులు పన్నెండు మంది వెళ్ళండి. గురువుని, మద్దెలని మాత్రం వదలకండి.

డప్పు కూడా పట్టుకెళ్ళే ఆలోచన ఉంటే ఒక మాట. ఒకసారి మా పిల్లల్ని ఉత్తరాదిన ఒక పెద్ద ఏసీ హాలుకి తీసుకెళ్ళాను. డప్పు కాచుకోవడానికి నాలుగు తాటాకులు వెలిగించుకుంటామంటే ఒప్పుకోలేదు, అగ్నిప్రమాదం నిబంధన అన్నారు. వాళ్ళ నిబంధన వాళ్ళది. కానీ మా డప్పు తడిసిన అట్టముక్కలా మోగింది, పిల్లలు బిక్కమొహం వేశారు. సముద్రపు గాలికి తోలు ఇంకా తొందరగా వదులైపోతుంది. కాచుకోవడానికి ఆరుబయట చోటిస్తారా అని ఉత్తరంలో ముందే అడగండి. లేదంటే మద్దెలతోనే వెళ్ళండి.

కోలలు చేతిసంచిలో పెడితే విమానంలోకి రానివ్వరు. గజ్జెలతో కలిపి పెద్ద పెట్టెలో సర్దేయండి. నెయ్యి, కోవా, పాలతో చేసినవేవీ యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదు. గాజులు రెండు పెట్టెల్లో పంచి పెట్టుకోండి.

ఇంకొకటి. వేదిక దిగగానే బస్సెక్కి పడుకోకండి. ఆ రాత్రి ఆట అయిపోయాక జనం తోటలోనే చేతులు పట్టుకుని ‘హొరో’ కట్టారు. మన అరకు థింసాలో నడుముల వెనక చేతులు పెనవేసుకుని పాములా సాగుతారే, దాదాపు అలాగే. కుడి చివర ఉన్న మనిషి చేతిరుమాలు ఊపుతూ నడిపిస్తుంది. మధ్యలోనో ముందో దూరకూడదు, తోక దగ్గర చేరాలి. నేను తోక దగ్గర చేరాను. నా పక్కనున్న ఆవిడకి నా వయసే ఉంటుంది, అరచెయ్యి గరుగ్గా ఉంది. నేను అడుగు తప్పినప్పుడల్లా ఆ చేత్తోనే ‘ఇప్పుడు’ అన్నట్టు నొక్కేది. మీ కోలాటంలోకి కూడా అక్కడివాళ్ళు రావాలని సరదాపడతారు. ఆరు జతల కోలలు అదనంగా పట్టుకెళ్ళండి.

ప్రశ్న: మా అబ్బాయి వర్నాలో చదువుతున్నాడు. ఆగస్టులో వెళ్తున్నాం. బర్గాస్ ఉత్సవం చూసి రావచ్చా? మేం శాకాహారులం.
– ఒక దంపతులు, గుంటూరు

జవాబు: తప్పకుండా చూడండి. బస్సులో వెళ్ళిపోవచ్చు. బల్గేరియా 2025 జనవరి నుంచి పూర్తిగా షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, ఉంది, 2026 జనవరి నుంచి యూరోలే చెల్లుతున్నాయి. తిండికి ఇబ్బంది లేదు. దోసకాయ, వెల్లుల్లి వేసిన చల్లని పెరుగు పులుసు ‘తరతోర్’ దొరుకుతుంది, మన పెరుగుపచ్చడిని పలచన చేసినట్టుంటుంది. పొరలు పొరలుగా ఉండే బనిత్సాలో గుడ్డు వేస్తారు, అడిగి తీసుకోండి. అయిరాన్ అంటే మన మజ్జిగే. ఒక్క జాగ్రత్త. వాళ్ళు అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే పైకీ కిందికీ ఆడిస్తారు. బస్సు ఇదేనా అని అడిగినప్పుడు తల చూసి నమ్మకండి, ‘ద’ అంటే అవును, ‘నె’ అంటే కాదు, మాట వినండి.

ప్రయాణం జూన్ మొదట్లోకి జరుపుకోగలిగితే ఇంకో సంగతి చెబుతాను. బర్గాస్‌కు దక్షిణంగా, టర్కీ సరిహద్దు వైపు స్ట్రాంజా కొండల్లో బల్గరి అనే పల్లె ఉంది. జూన్ 3న అక్కడ సెయింట్ కాన్‌స్టంటైన్, సెయింట్ హెలెనాల పండుగ. చీకటి పడ్డాక కట్టెల నిప్పులు పరిచి, దేవుడి పటాలు చేతబట్టి, డోలు, గైదాల మోతకు వట్టికాళ్ళతో నిప్పుల మీద నడుస్తారు. దాన్ని ‘నెస్తినార్‌స్త్వో’ అంటారు, 2009లో యునెస్కో జాబితాకెక్కింది. హోటళ్ళలో పర్యాటకుల కోసం చేసే నిప్పుల ఆట వేరు, ఆ ఊళ్ళో పండుగ వేరు. మా ఊరి జాతరలో గుండం తొక్కేటప్పుడు డప్పుల మోత ఎంత ఉండేదో నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నాకు జూన్‌లో వెళ్ళే వీలు పడలేదు. మీరు చూస్తే ఆ డోలు మోత ఎలా ఉందో నాకో ఉత్తరం రాయండి.