వంశధారలో రెండు రోజుల కెనూ ప్రయాణం: ఇసుక ఏటికి ఏం మార్చుకోవాలి

మీ ప్రశ్న ఇది: ట్రౌట్ చేపలుండే చిన్న నదుల్లో కెనూ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) వేసుకుని, రాత్రి ఒడ్డున టెంటులో పడుకునేవాళ్ల సామాన్ల జాబితా ఒకటి దొరికింది, దాన్ని పట్టుకుని డిసెంబరులో ఒక శని, ఆదివారాలు మన శ్రీకాకుళం జిల్లా వంశధార నది మీద వెళ్లొచ్చా అని. వెళ్లొచ్చు. జాబితా మాత్రం చాలావరకు మార్చాలి. ట్రౌట్‌కి 20 డిగ్రీల లోపు చల్లటి నీళ్లు కావాలి. అందుకే మన దేశంలో అది కాశ్మీరు, హిమాచల్, నీలగిరులు, మున్నారు లాంటి కొండ ప్రాంతాల్లోనే బతుకుతుంది. అక్కడ జాగ్రత్తలన్నీ బండలకీ, చలినీళ్లకీ. మన దగ్గర భయపడాల్సినవి రెండు: లోతు తెలియని ఇసుక, చెప్పకుండా పైనుంచి దిగే నీళ్లు.

ముందు నీళ్ల సంగతి. వంశధార పరీవాహకంలో ఎక్కువ భాగం ఒడిశాలోనే ఉంది. మన నెత్తిన మబ్బు తునక లేకపోయినా గుణుపురం వైపు గట్టిగా వాన పడితే ఇక్కడ ఏరు పొంగుతుంది. కాబట్టి శ్రీకాకుళం వాతావరణంతో పాటు రాయగడ, గుణుపురం వానలు కూడా బయల్దేరే ముందు మూడు రోజులు చూడండి. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తుతున్నారేమో అక్కడి సిబ్బందిని అడగండి. అక్టోబరు వద్దే వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెనకే వంశధారకి ఎంత వరద వచ్చిందో జిల్లాలో అందరికీ గుర్తే. నవంబరు చివరి నుంచి సంక్రాంతి లోపు సరైన కాలం. ఆ తర్వాత చాలాచోట్ల పడవ ఎక్కే సమయం కంటే లాగే సమయమే ఎక్కువవుతుంది.

బ్యారేజీకి బాగా దిగువన, శ్రీముఖలింగం ప్రాంతంలో పడవ దింపుకోండి. అక్కణ్ణుంచి మడపాం దగ్గర జాతీయ రహదారి వంతెన దాకా సూటిగా గీత గీసి కొలిచినా 20 కిలోమీటర్లు దాటుతుంది, వంపులతో ఇంకా ఎక్కువ. మొదటిసారి అంతా వెళ్లాలనుకోవద్దు. సామానుతో ఇద్దరు తెడ్డు వేస్తే లోతున్న నీటిలో గంటకి 3, 4 కిలోమీటర్లు నడుస్తుంది. ఇసుక మేటలు తగిలితే అందులో సగం. రోజుకి 10 కిలోమీటర్లు చాలు. ఉపగ్రహ పటంలో ఏటి వంపుల వెంబడే కొలిచి, మధ్యలో రోడ్డు ఒడ్డుకి ఆనుకున్న రెండు మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి. వెనక్కి రావడానికి ట్రాలీ ఆటో ముందే మాట్లాడుకోవాలి. శనివారం తెల్లవారగానే నీళ్లలో ఉండాలి. పొద్దున్న గాలి నేల వైపు నుంచి సముద్రం వైపు వీస్తుంది, అంటే మీ వీపు మీద. మధ్యాహ్నానికి అది తిరగబడి ఎదురుగాలి అవుతుంది. అప్పుడు ఖాళీ ముక్కున్న పడవ అడ్డం తిరిగిపోతుంది కాబట్టి ఒక బరువైన సంచి ముందుకి జరపండి. 11 గంటలకల్లా ఆ రోజు దారిలో సగానికి పైగా అయిపోవాలి.

పడవ విషయంలో, 15 అడుగుల గట్టి ప్లాస్టిక్ కెనూ అయితే ఇద్దరితో, సామానుతో 4, 5 అంగుళాలు మునుగుతుంది. గాలి నింపే కయాక్ మోయడానికి తేలిక, మేటల మీద లాగడానికీ తేలిక, కానీ దానికి శత్రువు సర్కారు తుమ్మ. వరదకి కొట్టుకొచ్చిన ముళ్లకంపలు ఇసుకలో పూడి, ముల్లు కొన మాత్రమే పైకి కనిపిస్తుంది. ఒడ్డు చేరగానే లాగకండి, ఎత్తి పెట్టండి. అడుగున ఉండే రెక్క తీసేసి రండి, లేకపోతే మొదటి మేట మీదే విరుగుతుంది. ఎండలో ఒడ్డున వదిలితే లోపలి గాలి వేడికి పెరిగి కుట్టు విడిపోతుంది. ఆగినప్పుడల్లా కాస్త వదిలి, నీళ్లలోకి దించాక మళ్లీ కొట్టుకోవాలి. చిల్లు పడితే పూర్తిగా ఆరబెట్టి, రెండు వైపులా పల్చగా బంక రాసి, చేతికి జిగురు అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి అతికించాలి. రాత్రంతా బరువు కింద ఉంచితేనే నిలుస్తుంది. తడి మీద అతికించి పది నిమిషాల్లో బయల్దేరితే మధ్యాహ్నానికి ఊడుతుంది.

ఇక ఇసుకని చదవడం. నేర్చుకోవాల్సిన అసలు పని ఇదే. వంపు తిరిగే చోట లోతు బయటి వైపు, గట్టు కోసుకుపోయిన పక్కన ఉంటుంది. లోపలి వైపు మేట. నీటి మీద సన్నగా దగ్గర దగ్గరగా ముడతలు కనిపిస్తే అక్కడ జానెడు కూడా లేదు. నున్నగా, కాస్త ముదురు రంగులో సాగే నీరే దారి. మేట పైభాగం గట్టిగా, మెల్లగా వాలి ఉంటుంది. కింది అంచు మాత్రం ఒక్కసారిగా తెగి, అక్కడి ఇసుక వదులుగా జారుతుంది. పడవ లాగుతూ నడుస్తున్నప్పుడు మోకాలి లోతు నీళ్లలో వేసిన అడుగు తర్వాతది నడుము దాటేది అక్కడే. అందుకే దిగే ముందు తెడ్డుతో పొడిచి చూడాలి, ప్రవాహానికి ఎగువ పక్కనే దిగాలి. దిగువ పక్క దిగితే నీరు పడవని మీ మీదకే తోస్తుంది. ఇసుక తవ్వేసిన గుంటలు ఇంకా ప్రమాదం. అంచు గీత గీసినట్టు తిన్నగా ఉండి, లోపల నీరు నల్లగా కదలకుండా ఉంటే దరిదాపుల్లో కాలు పెట్టకండి. లైఫ్ జాకెట్ సంచిలో ఉంటే లేనట్టే, ఒంటి మీదే ఉండాలి.

వరసగా థర్మకోల్ ముక్కలు తేలుతుంటే అది వల. మధ్యలోంచి కోసుకుపోవద్దు. అది ఒకరి కూడు. అంచు దాకా వెళ్లి, తెడ్డు పైకెత్తి దాటండి. దగ్గర్లో వలవేసేవాళ్లు ఉంటే ముందు ఏటి సంగతి వాళ్లనే అడగండి. నిన్నటి పాయ ఇవాళ ఎటు మళ్లిందో వాళ్లకి తెలిసినంత ఏ పటానికీ తెలియదు.

రాత్రికి నడిమేట ఎంత అందంగా ఉన్నా అక్కడ పడుకోకూడదు. ఊళ్లోకి నడిచి వెళ్లగలిగే ఒడ్డు పక్కన, నీటికి కనీసం మనిషి నడుమంత ఎత్తున టెంటు వెయ్యండి. పొలం అయితే రైతుని అడగాలి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పడుకునే ముందు, మధ్యరాత్రి చూడండి. పుల్ల మునిగినా, నీరు ఎర్రబారి గడ్డీ నురగా తేలుతున్నా, సామాను తర్వాత, ముందు మనుషులు గట్టెక్కాలి. ఇసుకలో టెంటు మేకులు నిలవవు. సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున పాతితే కదలదు. డిసెంబరు మంచుకి పైగుడ్డ తప్పనిసరి. రక్తపింజరి తిరిగే ప్రాంతం కాబట్టి జిప్పు ఎప్పుడూ మూసి ఉంచాలి, టార్చి లేకుండా అడుగు వెయ్యకూడదు, చెప్పులు దులిపి తొడుక్కోవాలి. కాటు పడితే కోయడం, కట్టడం వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యండి.

మనిషికి రోజుకి 4 లీటర్ల మంచినీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. ఏటి నీళ్లు వాడక తప్పకపోతే గుడ్డలో వడగట్టి, బాగా తెర్లనివ్వాలి. మొదటి రోజుకి పులిహోర, రాత్రికి ఇంట్లోనే వేయించి తెచ్చిన రవ్వతో ఉప్మా, రెండో పొద్దుటికి అటుకులు. అంతకు మించి గిన్నెలు మొయ్యకండి.

ఏరు సముద్రంలో కలిసే కళింగపట్నం మొగ దాకా వెళ్లాలన్న కోరిక మాత్రం మానుకోండి. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, ఏరూ, సముద్రమూ కలిసి పడవని బయటికి లాగుతాయి, మొగలో విరిగే అలలకి కెనూ ఆగదు. మడపాం వంతెనకి ఎగువనే, పటంలో గుర్తుపెట్టుకున్న చోట ఒడ్డెక్కెయ్యండి. ఆ చోటు రోడ్డు మీంచి తెలిసినంత తేలిగ్గా నీళ్లలోంచి తెలియదు. శుక్రవారమే ఆటోలో అటుగా వెళ్లి ఒక ఎర్రగుడ్డ కట్టి రండి.